బ్లాక్‌బస్టర్ సినిమాల్లో తత్వం, రాజకీయం: తరచుగా అడిగే ప్రశ్నలు

సరదాగా చూసే సినిమాలో ఇవన్నీ ఎందుకు వెతకాలి?

సరదా కోసమే చూడండి. సరదా ఇవ్వని సినిమా గురించి ఇంత ఆలోచించాల్సిన పనీ లేదు. కానీ రెండున్నర గంటలు ఊపిరి బిగబట్టి కూర్చున్నామంటే మనలోని ఏదో భయాన్ని ఆ సినిమా తట్టింది, ఏదో కోరికను తీర్చింది. ఏ భయం, ఏ కోరిక అని అడిగితే చాలు, పని మొదలైనట్టే.

ఇంకో కారణం నాకు ఇంతకన్నా ముఖ్యం. శిక్షించే హక్కు ఎవరికుంది, పదిమందిని కాపాడటానికి ఒకరిని బలివ్వచ్చా, చట్టం పనిచేయనప్పుడు ఏం చేయాలి అనే ప్రశ్నల మీద పుస్తకాలు చదివేవాళ్లు కొద్దిమంది. అవే ప్రశ్నల చుట్టూ అల్లిన భారీ సినిమాను కోట్లమంది చూస్తారు. "చట్టాన్ని నమ్ముకుంటే లాభం లేదు, మంచివాడు ఒక్కడు దాన్ని చేతుల్లోకి తీసుకుంటే చాలు" అని ఎవరైనా స్టేజి ఎక్కి చెబితే మనం ఎదురు ప్రశ్న వేస్తాం. అదే మాటను స్లో మోషన్‌లో, మంచి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌తో చూపిస్తే చప్పట్లు కొడతాం. కొట్టడం తప్పని అనడం లేదు. దేనికి కొట్టామో మనకు తెలిసి ఉండాలి.

డైరెక్టర్ నిజంగా ఇంత ఆలోచించి తీస్తాడా? మనమే ఊహించుకుంటున్నామా?

కొన్నిసార్లు ఆలోచించే తీస్తారు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలో బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. ఆ బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడి 23 మంది జాలర్లు రేడియేషన్ బారిన పడ్డారు. అదే ఏడాది నవంబర్‌లో, బాంబు పరీక్షలు లేపిన రాక్షస జంతువు కథ 'గాడ్జిల్లా' విడుదలైంది. సినిమా మొదట్లోనే సముద్రం మీద వెళ్తున్న ఓడ ఒక్కసారిగా వెలిగి మంటల్లో మునిగిపోతుంది. ఆ సీన్ దేని గురించో అప్పటి జపాన్ ప్రేక్షకులకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. యుద్ధం ముగిశాక హిరోషిమా మీదుగా ఇంటికి వెళ్లిన సైనికుడే దాని దర్శకుడు ఇషిరో హోండా. 1956లో అమెరికా కోసం ఒక అమెరికన్ నటుడి సీన్లు కలిపి వేరే కూర్పు చేసినప్పుడు, బాంబు గురించిన మాటలు చాలావరకు ఎగిరిపోయాయి. కత్తెర ఎక్కడ పడిందో చూస్తే ఆ అర్థం ఎంత స్పష్టంగా ఉండేదో తెలుస్తుంది.

కొన్నిసార్లు ఎవరూ ఆలోచించకుండానే అర్థం పుడుతుంది. 1975లో వచ్చిన 'జాస్' కోసం తయారుచేసిన యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించింది. చేసేది లేక దర్శకుడు స్పీల్‌బర్గ్ చేపకు బదులు నీళ్లను చూపించాడు, నీళ్ల మీద తేలే పీపాలను చూపించాడు, మిగతా పని రెండు స్వరాల సంగీతానికి వదిలేశాడు. కనిపించని ప్రమాదం గురించి వచ్చిన గొప్ప సినిమాల్లో ఒకటి అలా తయారైంది. అయితే, ప్రమాదం ఉందని తెలిసీ టూరిస్టుల సీజన్ పోతుందని బీచ్ మూయనివ్వని మేయర్ మాత్రం యంత్రం చెడిపోయి పుట్టలేదు, అతన్ని కావాలనే రాశారు. ఒకే సినిమాలో రెండు రకాలూ ఉన్నాయన్నమాట.

రచయిత ఏం అనుకున్నాడన్నది కృతికి కొలబద్ద కాదని అమెరికన్ పండితులు విమ్సాట్, బియర్డ్స్‌లీ 1946లోనే వాదించారు. ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ 1967లో ఇంకా ముందుకెళ్లి, అర్థం తేల్చే విషయంలో రచయిత చనిపోయినట్టేనని ప్రకటించాడు. నేను అంతదూరం పోను. ఇంటర్వ్యూలో డైరెక్టర్ చెప్పే మాటను నేను సాక్ష్యంగా తీసుకుంటాను, తీర్పుగా మాత్రం తీసుకోను.

అయితే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చా?

లేదు. ఇక్కడ నాకు బాగా పనికొచ్చేది మన అలంకారశాస్త్రం. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని (మాటల వెనక తోచే అర్థం) సిద్ధాంతం గురించి చదివేటప్పుడు అందరికీ ఎదురయ్యే ఉదాహరణ 'గంగాయాం ఘోషః'. గంగలో గొల్లపల్లె ఉంది అని మాట. నదిలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున ఉందని తీసుకుంటాం. ఒడ్డున అనకుండా గంగలో అని ఎందుకన్నారు? ఆ పల్లెకు గంగ చల్లదనం, పవిత్రత ఉన్నాయని తోపించడానికి. తోచే అర్థం మాటల్లో లేదు, కానీ ఆ మాటలే లేకపోతే అది తోచదు.

ఆనందవర్ధనుడే ఇంకో పోలిక చెప్పాడు. వెలుతురు కావాలనుకునేవాడు ముందు దీపశిఖ సంగతి చూసుకుంటాడని, అలాగే ధ్వని కావాలనుకునేవాడు వాచ్యార్థాన్ని, అంటే మాటకున్న నేరు అర్థాన్ని, పట్టించుకోవాలని. సినిమాకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. తెర మీద ఎవరు చనిపోయారు, ఎవరు బతికారు, ఎవరి ముఖం దగ్గర కెమెరా ఆగింది, ఎవరి మాటను మధ్యలో కోసేశారు అన్నవి దీపశిఖ. వాటిని సరిగ్గా చూడకుండా నేరుగా పెట్టుబడిదారీ విధానం, అస్తిత్వవాదం అంటూ మొదలుపెడితే దీపం లేకుండా వెలుతురు గురించి మాట్లాడినట్టే.

తత్వం వేరు, రాజకీయం వేరు కదా? రెంటినీ కలిపి ఎందుకు చెబుతారు?

విడిగా చెప్పవచ్చు, కానీ పెద్ద సినిమాల్లో అవి ఎక్కువగా జంటగానే నడుస్తాయి. 2008 నాటి 'ద డార్క్ నైట్' తీసుకోండి. రెండు పడవలు. ఒకదాన్నిండా మామూలు జనం, ఇంకోదాన్నిండా ఖైదీలు. ఒక పడవను పేల్చే రిమోట్ ఇంకో పడవ చేతిలో ఉంటుంది. ఎవరూ నొక్కకపోతే అర్ధరాత్రి రెండూ పేలిపోతాయి. బతకడానికి ఎదుటివాళ్లను చంపవచ్చా అన్నది తత్వం. అదే సినిమాలో ఈ ఆట ఆడించిన విలన్ జోకర్‌ను పట్టుకోవడానికి బ్యాట్‌మన్ ఊరందరి ఫోన్లనూ దొంగచాటుగా వినే యంత్రం తయారుచేస్తాడు. భద్రత పేరుతో ప్రజల మీద నిఘా పెట్టవచ్చా అన్నది రాజకీయం. 2001 తర్వాత అమెరికాలో గట్టిగా నడుస్తున్న చర్చ అది.

ఈ సినిమాలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది వేరే సంగతి. జనం ఉన్న పడవలో ఓటింగ్ పెడితే ఎక్కువమంది పేల్చేద్దామనే అంటారు. తీరా నొక్కడానికి ఎవరికీ చేయి రాదు. రెండో పడవలో ఒక ఖైదీ రిమోట్‌ను కిటికీలోంచి విసిరేస్తాడు. జనం చెడ్డవాళ్లన్న జోకర్ పందెం ఓడిపోయింది. జనాన్ని నమ్మవచ్చని సినిమా మన కళ్లముందే రుజువు చేసింది. కొద్ది నిమిషాల తర్వాత అదే సినిమాలో బ్యాట్‌మన్, కమిషనర్ గోర్డన్ కలిసి ఊరంతా నమ్ముకున్న ప్రభుత్వ న్యాయవాది హార్వీ డెంట్ చేసిన హత్యలను జనానికి తెలియకుండా దాచేస్తారు, నిజం తెలిస్తే జనం ఆశ వదులుకుంటారని. పాలన నిలవడానికి 'ఉదాత్తమైన అబద్ధం' ఒకటి కావాలని ప్లేటో తన 'రిపబ్లిక్' మూడో భాగంలో అన్నాడు. అంటే, సినిమా మధ్యలో జనాన్ని నమ్మింది, చివర్లో నమ్మలేదు. ఆ అతుకు దగ్గర నిలబడి చూస్తే సినిమా మొత్తం కొత్తగా కనిపిస్తుంది.

విలన్ చెప్పేది చాలాసార్లు కరెక్టే అనిపిస్తుంది. నాలోనే ఏదైనా తేడా ఉందా?

మీలో తేడా ఏమీ లేదు. చాలా భారీ సినిమాలు అలాగే కట్టబడి ఉంటాయి. అసలు నేను ఇన్నేళ్లుగా సినిమాలు చూసి నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను: భారీ సినిమా తన పెద్ద ప్రశ్నను మధ్యలో నిజాయితీగా అడుగుతుంది, క్లైమాక్స్‌లో దాన్ని ఫైటుతో తేల్చేస్తుంది. ఆ ప్రశ్నకూ ఆ ఫైటుకూ మధ్య ఎంత దూరం ఉందో అక్కడే దాని రాజకీయం ఉంటుంది.

'బ్లాక్ పాంథర్' 2018లో వచ్చింది. వకాండా అనే సంపన్న ఆఫ్రికా దేశం తన శక్తిని లోకానికి తెలియకుండా దాచుకుంది. విలన్ కిల్‌మాంగర్ వచ్చి అడుగుతాడు: మనలాంటి నల్లజాతివాళ్లు ప్రపంచమంతటా అణిచివేతకు గురవుతుంటే మీరు ఇంత బలం పెట్టుకుని ఎందుకు ఊరుకున్నారు? ఆ దేశపు రాజు దగ్గర దీనికి జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న వేసినవాడిని ఓడించడం కష్టం. అందుకని సినిమా అతనితో తన ప్రియురాలినే కాల్పిస్తుంది, ఒక వృద్ధురాలి గొంతు పట్టిస్తుంది. అప్పుడిక ప్రశ్నకు జవాబు చెప్పే పని ఉండదు, మనిషిని ఓడిస్తే సరిపోతుంది. విలన్‌తో అమాయకుల్ని చంపించిన సీన్ ఎక్కడ వచ్చిందో గమనించండి. చాలాసార్లు అతని వాదన మనల్ని లొంగదీసుకోబోతున్న చోటే వస్తుంది.

అయితే ఈ సినిమాకు న్యాయం చేయాలి. కిల్‌మాంగర్ పోయినా అతని ప్రశ్న పోదు. చివర్లో రాజు దేశం తలుపులు తెరుస్తాడు, కిల్‌మాంగర్ పెరిగిన ఓక్లండ్‌లో ఒక సేవా కేంద్రం పెడతానంటాడు. అణగారినవాళ్లకు ఆయుధాలివ్వాలన్న డిమాండ్‌కు సేవా కేంద్రం జవాబుగా సరిపోతుందా? ఆ ఆయుధాలను మోసుకెళ్తున్న విమానాలను కూల్చింది ఎవరో గుర్తుందా? అమెరికా గూఢచారి సంస్థ మనిషి. సినిమాను ఎంతగానో ప్రేమించినవాళ్లే ఈ రెండు విషయాల మీద గట్టిగా వాదించుకున్నారు. నాకు ఆ వాదన సినిమాకు దక్కిన గౌరవంలాగే అనిపిస్తుంది.

అదే ఏడాది వచ్చిన 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్'లో విలన్ థానోస్ సంగతి ఇంకో రకం. వనరులు తక్కువ, ప్రాణులు ఎక్కువ, కాబట్టి సగం మందిని మాయం చేయాలంటాడు. జనాభా పెరిగినంత వేగంగా తిండి పెరగదని 1798లో ఆర్థికవేత్త మాల్థస్ చెప్పిన వాదానికి ఇది బంధువే. బయటికొచ్చిన ప్రేక్షకుల్లో కొందరు "అతను చెప్పిందాంట్లో తప్పేముంది" అనడం మీరూ వినే ఉంటారు. లెక్క చూద్దాం. ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి 2022 నవంబర్‌లో ప్రకటించింది. అందులో సగం 400 కోట్లు. అది 1974 ప్రాంతపు జనాభా. అంటే అంత ఘోరం చేసినా కాలం దాదాపు యాభై ఏళ్లు వెనక్కి జరుగుతుంది, అంతే. 1974లో లోకంలో ఆకలి లేదా? సినిమాలో ఒక్క హీరో కూడా ఈ మాట అడగడు. "నీకు పిచ్చి" అంటారు, కొడతారు. విలన్ వాదన బలమైనదని కాదు, ఎవరూ ఎదురు వాదించలేదు కాబట్టి బలంగా కనిపించింది.

ప్రాణాలను ప్రాణాలతో తూచబోమని కెప్టెన్ అమెరికా ఒకచోట అంటాడు. నిజానికి అది సరైన తాత్విక జవాబు, ఫలితం కన్నా ధర్మం ముఖ్యమని చెప్పే జర్మన్ తత్వవేత్త కాంట్ వైపు మాట. కానీ అదే సినిమాలో తర్వాత హీరోల్లో ఒకరైన వాండా లోకం కోసం తాను ప్రేమించిన విజన్‌ను చేతులారా చంపాల్సి వస్తుంది. ఆ మాట అక్కడ పగులుతుంది. యాక్షన్ సీన్లన్నీ మర్చిపోయినా ఆ పగులు నాకు గుర్తుండిపోయింది.

ఒకే సినిమాను ఇటువాళ్లూ అటువాళ్లూ తమదే అంటారు. ఎలా సాధ్యం?

1956 నాటి 'ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్'లో ఒక ఊరి మనుషులంతా ఒక్కొక్కరుగా తమలాగే ఉండే, భావాలు లేని నకళ్లుగా మారిపోతుంటారు. కొందరికి అది కమ్యూనిజం చొరబాటు. కొందరికి అది కమ్యూనిస్టుల వేట పేరుతో అందర్నీ ఒకే మూసలో పోసిన మెకార్తీ కాలం. రెండూ సినిమాలో సరిపోతాయి, ఎందుకంటే సినిమా పట్టుకున్నది ఆ రెంటికీ అడుగున ఉన్న భయాన్ని. పక్కింటి మనిషి ఇక మన మనిషి కాదేమో అన్న భయం.

'స్టార్ వార్స్' మొదటి సినిమా 1977లో వచ్చింది. సామ్రాజ్యాన్ని రాసేటప్పుడు తన మనసులో ఉన్నది వియత్నాం యుద్ధంలో అమెరికానే అని జార్జ్ లూకాస్ చెప్పాడు. 1983 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ సోవియట్ యూనియన్‌ను 'దుష్ట సామ్రాజ్యం' అన్నాడు. అదే నెలలో అతను ప్రకటించిన క్షిపణి రక్షణ పథకానికి జనంలో 'స్టార్ వార్స్' అనే పేరే స్థిరపడిపోయింది. చిన్న తిరుగుబాటు సైన్యం పక్షాన ఉండాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది, ఎంత పెద్ద సైన్యం చేతిలో ఉన్నవాళ్లకైనా సరే.

నావి అనే నీలం రంగు తెగ గనుల కంపెనీ నుంచి తన నేలను కాపాడుకునే 'అవతార్' 2009 డిసెంబర్‌లో వచ్చాక కొద్ది వారాల్లోనే బొలీవియా అధ్యక్షుడు ఎవో మొరాలెస్ దాన్ని పెట్టుబడిదారీ విధానాన్ని ఎదిరించిన సినిమాగా మెచ్చుకున్నాడు. 2010 ఫిబ్రవరిలో పాలస్తీనాలోని బిలిన్ గ్రామస్తులు ఒంటికి నీలం రంగు పూసుకుని తమ భూమి కోసం నిరసన చేశారు. వాటికన్ పత్రికకు అందులో ప్రకృతి ఆరాధన కనిపించి నచ్చలేదు. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ గని వద్దని పోరాడుతున్న డోంగ్రియా కోందు ఆదివాసుల తరఫున ఆ సినిమా దర్శకుడు కామెరాన్‌కు ఒక పత్రికలో విజ్ఞప్తి ప్రకటన కూడా వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే పన్నెండు గ్రామసభలూ వద్దనే చెప్పాయి. ఆ గెలుపు ఆ మనుషులది, సినిమాది కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, సినిమాలో నావి తెగను గెలిపించేది వాళ్లలో కలిసిపోయిన ఒక బయటి సైనికుడు. నియమగిరిలో అలాంటివాడు అవసరం కాలేదు.

బ్రిటన్‌లో సంస్కృతి మీద పనిచేసిన స్టూవర్ట్ హాల్ 1973లో దీన్ని తేలిగ్గా విడగొట్టి చెప్పాడు. పంపినవాడు ఉద్దేశించినట్టే తీసుకోవడం ఒకటి, కొంత ఒప్పుకుని కొంత మార్చుకోవడం ఒకటి, పూర్తిగా ఎదురు తిప్పి చదవడం ఒకటి. ఆయన రాసింది టీవీ గురించి. సినిమాకూ సరిపోతుంది.

'ద మ్యాట్రిక్స్' లాంటివి అర్థం కావాలంటే ముందు తత్వశాస్త్రం చదవాలా?

అక్కర్లేదు. వరస తిప్పి చేయడమే మేలు. సినిమా ముందు, పుస్తకం తర్వాత. మనుషులంతా కంప్యూటర్లు అల్లిన నకిలీ లోకంలో బతుకుతున్నారని చెప్పే ఆ సినిమాను 1999లో చూసి బయటికొచ్చినవాళ్లకు "నేను చూస్తున్నది నిజమేనా" అనే అనుమానం చర్మానికి తగిలినట్టు తెలిసింది. ఆ తర్వాత ప్లేటో గుహ కథ తెరిస్తే అది పాఠంలా ఉండదు. గోడ మీది నీడలనే లోకమనుకుని బతికే ఖైదీలు, వాళ్లలో ఒకడు బయటపడటం, వెలుతురుకు కళ్లు నొప్పి పుట్టడం. 1641లో డెకార్ట్ ఊహించిన మాయావి దెయ్యం, మనకు కలిగే ప్రతి అనుభవాన్నీ మోసంగా మార్చగలది, దాన్ని కూడా వెంటనే గుర్తుపడతారు.

నా దృష్టిలో ఆ సినిమాలో అన్నిటికన్నా లోతైన సీన్ ఫైటు కాదు, నకిలీ లోకంలోంచి బయటపడినవాళ్లలో ఒకడైన సైఫర్ మళ్లీ అందులోని రెస్టారెంట్‌లో కూర్చుని మాంసం ముక్క తినడం. అది నిజం కాదని అతనికి తెలుసు. అయినా అదే కావాలంటాడు. 1974లో అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ ఒక ప్రశ్న వేశాడు: కోరిన అనుభవాన్నల్లా ఇచ్చే యంత్రం ఉంటే జీవితమంతా దానికి తగిలించుకుని ఉంటారా? వద్దంటామని, సుఖం ఒక్కటే మనకు ముఖ్యం కాదని అది చూపిస్తుందని నోజిక్ వాదం. సైఫర్ సరే అన్నాడు. అతన్ని ద్రోహిగా చంపేయడంతో సినిమా తేలిగ్గా బయటపడింది. ద్రోహం చేయకుండా, ఎవరికీ హాని చేయకుండా ఒక మనిషి అదే కోరుకుంటే ఏమంటాం? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇంకో సంగతి. ఆ సినిమాలో హీరో నియో డిస్కులు దాచుకునే బోలు పుస్తకం ఫ్రెంచ్ తత్వవేత్త జ్యాఁ బోద్రియార్‌ది. ఆయన మాత్రం సినిమా తన ఆలోచనను సరిగ్గా పట్టుకోలేదని 2003లో చెప్పాడు. ఆయన వాదన ప్రకారం నిజానికీ నకలుకూ మధ్య గీతే చెరిగిపోయింది, సినిమా మాత్రం ఆ గీతను స్పష్టంగా గీసింది. పేరు వాడుకున్నంత మాత్రాన ఆలోచన వచ్చేయదని తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నిజమైన లోకాన్ని చూడటానికి నియో మింగే ఎర్ర మాత్ర కథ మరీ బాధ పెట్టేది. ఆడవాళ్లను ద్వేషించే ఇంటర్నెట్ గుంపులు ఆ మాటను తమ గుర్తుగా చేసుకున్నాయి. సినిమా తీసిన ఇద్దరిలో ఒకరైన లిల్లీ వచౌస్కీ, తమ కథలో ట్రాన్స్ వ్యక్తుల మార్పు తాలూకు అంతరార్థం ఉందని 2020లో చెప్పింది.

వ్యంగ్యంగా తీసిన సినిమాను జనం సీరియస్‌గా తీసుకుంటే తప్పు ఎవరిది?

'స్టార్‌షిప్ ట్రూపర్స్' 1997లో వచ్చినప్పుడు అది ఫాసిజాన్ని పొగుడుతోందని కొందరు విమర్శకులు తిట్టారు. తీసిన పాల్ వెర్‌హోవెన్ చిన్నతనం నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో గడిచింది. నాజీ యూనిఫాంలను పోలిన బట్టలు, సైన్యంలో చేరమని ఉబ్బేసే ప్రచార చిత్రాలు అన్నీ కావాలనే పెట్టాడు. కానీ యుద్ధం సీన్లు నిజంగానే ఉత్సాహంగా ఉంటాయి, యువతీయువకులు నిజంగానే అందంగా ఉంటారు. ఎగతాళి చేస్తున్న దాన్నే అంత ఆకర్షణీయంగా చూపించినప్పుడు కొందరు ఆకర్షణ దగ్గరే ఆగిపోతారు. అందుకు వాళ్లను మందబుద్ధులనడం సరికాదు. ఫాసిజం అందంగా కనిపించడం వల్లే మనుషుల్ని లాగిందన్నది కూడా ఆ సినిమా చెప్పిన మాటే.

డబ్బు పెట్టేవాళ్లు, సహాయం చేసే ప్రభుత్వాలు సినిమా అర్థాన్ని మారుస్తాయా?

మారుస్తాయి, చాలాసార్లు కంటికి కనిపించేటట్టే. అమెరికాలో యుద్ధ విమానాలు, నౌకలు కావాలంటే రక్షణ శాఖ సాయం చేస్తుంది, బదులుగా స్క్రిప్ట్ చూసి మార్పులు అడుగుతుంది. 1986 నాటి 'టాప్ గన్' అలా తయారైందే. 2022లో వచ్చిన దాని రెండో భాగంలో శత్రుదేశానికి పేరే లేదు. పేరు లేని శత్రువు మీద బాంబులు వేస్తే ఏ దేశపు మార్కెట్టూ నొచ్చుకోదు. 2009లో షూటింగ్ చేసి 2012లో విడుదల చేసిన 'రెడ్ డాన్'లో అమెరికా మీద దండెత్తేది మొదట చైనా. తర్వాత కంప్యూటర్లతో జెండాలు, గుర్తులు మార్చి ఉత్తర కొరియా చేశారు. కథలో మరేమీ మార్చకుండా శత్రువును మార్చగలిగారంటే, ఆ శత్రువు గురించి కథకు మొదటినుంచీ తెలిసిందేమీ లేదన్నమాట.

సినిమా వల్ల బయట రాజకీయాల్లో ఏమైనా మారుతుందా?

సినిమా ఒక్కటీ ప్రభుత్వాలను దించిన దాఖలా నాకు తెలియదు. కానీ మాట్లాడటం నిషేధమైన చోట సినిమా ఒక సైగను అప్పిస్తుంది. 2014 మే 22న థాయిలాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. నిరసన తెలపడానికి జనం 'హంగర్ గేమ్స్'లోని మూడు వేళ్ల వందనాన్ని ఎత్తారు. ఆ సైగ చేసినందుకు సైన్యం మనుషుల్ని పట్టుకెళ్లింది. నవంబర్‌లో ఆ సిరీస్‌లో కొత్త సినిమా వచ్చినప్పుడు ఒక థియేటర్ల సంస్థ ఆటలు రద్దు చేసుకుంది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగితే అక్కడి ఆస్పత్రుల సిబ్బంది అదే సైగ చేశారు. మూడు వేళ్లు ఎత్తిన మనిషిని అరెస్టు చేశారంటే, ఆ సినిమా గురించి నేను రాయగలిగిన ఏ విశ్లేషణా దాని ముందు నిలబడదు.

'వి ఫర్ వెండెట్టా' సినిమా 2006లో వచ్చింది. అందులోని గై ఫాక్స్ (ఒకప్పుడు ఇంగ్లండ్ పార్లమెంటును పేల్చబోయిన కుట్రదారు) మాస్కు తర్వాత ప్రపంచంలో ఎన్నో ప్రదర్శనల్లో కనిపించింది. ఆ మాస్కు హక్కులు సినిమా తీసిన పెద్ద కంపెనీవే, అధికారికంగా అమ్మిన ప్రతి మాస్కు మీద దానికి డబ్బు ముడుతుంది. తిరుగుబాటు గుర్తు కూడా సరుకైపోయిందని కొందరంటారు. సరుకైనా తిరుగుబాటుకు పనికొచ్చిందని ఇంకొందరంటారు. నేను రెండోవాళ్ల వైపు.

తర్వాత జరిగిన సంఘటనలకు సినిమాను ముడిపెట్టవచ్చా?

జాగ్రత్తగా. 'ద డార్క్ నైట్ రైజెస్' 2012లో వచ్చినప్పుడు అందులో ధనికుల మీద జనం తిరగబడటం చూసి, అమెరికాలో ఆర్థిక అసమానత మీద నడిచిన ఆక్యుపై వాల్ స్ట్రీట్ ఉద్యమం మీద విమర్శ అని చాలామంది అన్నారు. ఆ ఉద్యమం మొదలైంది 2011 సెప్టెంబర్‌లో. సినిమా షూటింగ్ మొదలైంది అదే ఏడాది మేలో. కాబట్టి అది ఆ ఉద్యమానికి జవాబు కాలేదు. ఆ ఉద్యమాన్ని పుట్టించిన అసమానతే ఈ సినిమాలోకీ వచ్చి చేరిందనడం సబబు. మొదట తేదీలు చూసుకోండి. సగం సిద్ధాంతాలు అక్కడే రాలిపోతాయి.

నేను అతిగా చదువుతున్నానేమో ఎలా తెలుస్తుంది?

మీ అర్థానికి ఎదురు నిలిచే సీన్ ఒకటి ఆ సినిమాలోంచే మీరే వెతికి చెప్పగలగాలి. అలాంటిదేదీ దొరకలేదంటే రెండే కారణాలు. సినిమా మరీ పలచనిదైనా కావాలి, మీరు మీకు కావలసినవే చూసి ఉండాలి. రెండోదే ఎక్కువ. ఒక సినిమా గురించి నేను పేజీలకు పేజీలు రాసుకుని, మళ్లీ చూసినప్పుడు నా వాదనకు మూలమైన డైలాగు అసలు అందులో లేదని తెలిసి నోట మాట రాలేదు. జ్ఞాపకం సీన్లను మనకు అనుకూలంగా తిరగరాస్తుంది.

మీరు చెప్పే అర్థం ఇంకో పది సినిమాలకు కూడా మాట మార్చకుండా అతుకుతుందంటే, అది మీరు చూసిన సినిమా గురించి కాదు.

నాకు ప్రాణమైన సినిమా రాజకీయం నాకు నచ్చడం లేదు. ఏం చేయాలి?

దాచుకోకుండా రెండూ ఒప్పుకోండి. సినిమా మీద ప్రేమ పోగొట్టుకోనక్కర్లేదు, ఆ ప్రేమ కోసం కళ్లు మూసుకోనూ అక్కర్లేదు. ఏ సీన్ దగ్గర మనసు కరిగింది, ఏ సీన్ దగ్గర ఇబ్బందిగా కదిలారు, రెండూ రాసి పెట్టుకోండి. చాలాసార్లు ఆ రెండూ ఒకే సీన్ అవుతాయి. అలాంటి సీన్ దొరికితే అక్కడినుంచే రాయడం మొదలుపెట్టండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీకు కంఠతా వచ్చిన సినిమాతో. కథ తర్వాత ఏమవుతుందన్న టెన్షన్ ఉండదు కాబట్టి పక్కన జరిగేవి కనిపిస్తాయి. సమస్య ఎవరిది, దాన్ని తీర్చే అధికారం ఎవరికిచ్చారు, ఎవర్నీ ఏమీ అడక్కుండానే ఎవరి తరఫున నిర్ణయం జరిగిపోయింది అని చూడండి. భవనాలు కూలే సీన్లలో ఆ భవనాల్లో ఉన్నవాళ్ల ముఖాలు చూపించారా లేదా గమనించండి. క్లైమాక్స్‌ను ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. సంగీతం చెప్పకపోతే ఎవరు మంచివాళ్లో, ఎవరు కాదో బొమ్మ ఒక్కటే చెప్పగలుగుతోందా?

సినిమా అవగానే ఇవి మాట్లాడితే మూడ్ పాడుచేస్తున్నావని ఫ్రెండ్స్ విసుక్కుంటారు.

వెంటనే మొదలుపెట్టకండి, ఒక రోజు ఆగండి. సిద్ధాంతం పేరు ఎత్తకండి, సీన్ గురించి అడగండి. "ఆ ఖైదీ రిమోట్ ఎందుకు విసిరేశాడంటావ్?" అని అడిగి చూడండి. వాళ్లు చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో అందుకోకండి.